పర్వతయాత్రకు ముందు అడగవలసిన ప్రశ్నలు

వార్షిక పరీక్షలు దగ్గరపడుతున్న దినాలలో మన పాఠశాలలలోను, కళాశాలలలోను ఒక కాగితం చేతులు మారుతూ ఉంటుంది. దానిమీద ఊళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. ఏ రోజు ఏ రైలు, ఏ రాత్రి ఎక్కడ బస, ఏ పూట ఏ దృశ్యం అన్న వివరం ఉంటుంది. అడుగున తలకు ఇంత అని రుసుము ఉంటుంది. దీనినే మనం విహారయాత్రా ప్రణాళిక అని పిలుచుకొంటున్నాము.

పట్టణాలను చూడబోయేవారికి ఈ కాగితం చాలునేమో. తాజమహలు నేడున్నచోటనే రేపును ఉంటుంది. ఉదయం చూచినా, సాయంకాలం చూచినా దానివల్ల చూపరులకు ప్రాణాపాయం లేదు. కొండ అటువంటిది కాదు. ఉదయం మోకాలి లోతున పారిన వాగు సాయంకాలానికి మనిషిని నిలువనీయదు. నిన్న నడిచిన బాటమీద నేడు కొండచరియ కూలి ఉంటుంది. మే నెలలో పూలతో పిలిచిన పచ్చికబయలు నవంబరులో మంచుక్రింద మూసుకొనిపోతుంది. కొండకు తన పంచాంగం తనకున్నది. ఆ పంచాంగం చూడకుండ మనం ముహూర్తం పెట్టుకొని బయలుదేరుతున్నాము.

కనుక పర్వతయాత్రకు ప్రణాళిక అంటే స్థలాల పట్టిక కాదు, ప్రశ్నల పట్టిక అని నా అభిప్రాయం. ఆ ప్రశ్నలకు సమాధానాలు దొరికిన తరువాతనే టిక్కెట్లు కొనవలె. ఆ ప్రశ్నలు అడిగే పని యాత్రలు నడిపే వ్యాపారికి వదలిపెట్టక, విద్యార్థులే తమ ఉపాధ్యాయుని సమక్షంలో చేయవలె. ఈ మాటను గాలిలో చెప్పిన ప్రయోజనం లేదు గనుక ఒక నిజమైన స్థలాన్ని ఎన్నుకొని పరిశీలింతము.

హిమాచలప్రదేశంలో కులూ జిల్లాయందు మహా హిమాలయ జాతీయోద్యానవనం అనే విశాలమైన పర్వతారణ్యం ఉన్నది. 1984లో ప్రభుత్వం దీనిని ఏర్పాటు చేయ సంకల్పించి, 1999లో తుది ప్రకటన చేసినది. ఉద్యానవనం ఒక్కటే 754 చదరపు కిలోమీటర్లు. దానిని ఆనుకొని సైంజ్, తీర్థన్ అనే రెండు అభయారణ్యాలున్నవి. ఈ మూడింటిని కలిపి సుమారు 905 చదరపు కిలోమీటర్ల ప్రదేశాన్ని 2014 జూన్ నెలలో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చినది. అడుగున రెండువేల మీటర్లకు లోపున ఉన్న నదీతీరపు అడవులు మొదలుకొని ఆరువేల మీటర్లకు మించిన మంచు శిఖరాలవరకు అన్ని అంతస్తులు ఈ ఒక్క ప్రదేశంలోనే ఉన్నవి. దేవదారు, ఓక్ అడవులు, వాటిపైన భూర్జవృక్షాలు, ఆ పైన పచ్చికబయళ్లు, అందరికంటె పైన మంచు. గోధుమవన్నె ఎలుగుబంటి, కస్తూరిమృగం, మంచు చిరుతపులి ఇక్కడ తిరుగుతాయి. పక్షిజాతులు రెండువందలకు పైగా ఉన్నవి. వాటిలో మిన్న అనదగినది ఆ రాష్ట్రానికి రాష్ట్రపక్షియైన ఒక అడవికోడి. అక్కడివారు దానిని జుజురాణా అంటారు; పక్షులరాజు అని దాని అర్థం. సృష్టికర్త లోకంలోని పక్షులన్నింటి వద్దనుండి ఒక్కొక్క ఈకను తీసుకొని దీనికి అలంకరించినాడని వారి కథ.

తీర్థన్, సైంజ్ అనే నదులు ఈ ఉద్యానవనంలో పుట్టి క్రిందికి దిగి, లార్జీ అనే ఊరివద్ద బియాస్ నదిని చేరుకొంటాయి. ఆ బియాస్ పంజాబులో శతద్రువులో కలుస్తుంది. శతద్రువు సింధునదికి పోతుంది. పై కొండలలోని మంచు కరగి, క్రింద లక్షలాది జనుల పొలాలకు, గ్రామాలకు నీరవుతున్నది. భూగోళశాస్త్ర పాఠంలో మనం పేర్లుగా వల్లెవేయించే నదులకు పుట్టినిల్లు ఇటువంటి చోట్లనే ఉన్నది. విద్యార్థి చూడదగిన స్థలం ఇది కాదని ఎవరనగలరు?

అయితే ఈ ఉద్యానవనాన్నే నేనెన్నుకొనుటకు వేరొక కారణం కూడా ఉన్నది. మండీ పట్టణం నుండి మనాలీకి పోయే ప్రధానమార్గంలో ఔట్ అనే చోట సొరంగానికి ముందు ఒక దారి కుడివైపు చీలి, లార్జీ మీదుగా బంజార్‌కు పోతుంది. ఉద్యానవనానికి అదే దారి. ఆ చీలికకు కొంచెం దిగువన, అదే ప్రధానమార్గంమీద థలౌట్ అనే గ్రామం ఉన్నది. ఆ పేరు తెలుగు తల్లిదండ్రులు మరువజాలని పేరు.

2014 జూన్ 8వ తేదీ సాయంకాలం హైదరాబాదుకు చెందిన ఒక ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మనాలీకి పోతూ అక్కడ ఆగినారు. బియాస్ నది సన్నగా పారుతున్నది. రాళ్లు తేలి ఉన్నవి. పిల్లలు కొందరు ఆ రాళ్లమీదికి పోయి ఛాయాచిత్రాలు తీసుకొంటున్నారు. ఎగువనున్న లార్జీ జలాశయం నుండి నీరు వదిలినారు. తగిన హెచ్చరిక అందలేదు. నిమిషాలలో నీటిమట్టం లేచినది. ఇరువదినలుగురు విద్యార్థులు, వారివెంట ఉన్న యాత్రా సహాయకుడు ఒకరు ప్రవాహంలో కొట్టుకొనిపోయినారు. సరిగా అదే నెలలో, రెండు వారాల తరువాత, ఆ ఎగువ కొండలకు ప్రపంచ గౌరవం లభించినది. ఒక నది కథలో ఈ రెండు సంగతులు ఒకే నెలలో ఇమిడి ఉన్నవి.

బియాస్‌కు మన ప్రాచీనులు పెట్టిన పేరు విపాశ. నూరుగురు కుమారులను కోల్పోయిన వసిష్ఠుడు పుత్రశోకం భరింపలేక, తన్ను తాను త్రాళ్లతో బంధించుకొని నదిలో దూకెననీ, నది ఆయన బంధాలను త్రెంచి ఒడ్డునకు చేర్చెననీ, పాశాలను విప్పినది గనుక విపాశ అయినదనీ భారతకథ చెబుతున్నది. పుత్రశోకం ఎరిగిన తండ్రిని ముంచనొల్లని నది, ఇరువదినాలుగు ఇండ్లకు ఆ శోకాన్ని ఏల తెచ్చినదని అడుగవలసివస్తే, నదిని అడుగుట తగదు. నది కట్టబడి ఉన్నది. దాని పాశాలు ఇప్పుడు మనిషి చేతిలో ఉన్నవి. అవి ఎప్పుడు బిగుసుకొంటాయో, ఎప్పుడు విడుతాయో తెలిసినవారిని అడుగుటే మన పని.

ఆ దుర్ఘటనపై హిమాచలప్రదేశ్ ఉన్నత న్యాయస్థానం 2016లో తీర్పు చెప్పుతూ, మృతుల కుటుంబాలకు ఒక్కొక్కరికి ఇరువది లక్షల రూపాయలు పరిహారమీయవలెనన్నది. ఆ భారాన్ని జలవిద్యుత్ సంస్థపైననే కాక, కళాశాలపైన, రాష్ట్రప్రభుత్వంపైన కూడా పంచినది. ఉపాధ్యాయలోకం గమనింపవలసిన అంశం ఇదే. నీరు వదలినవారిది పెద్ద తప్పు. అందులో సందేహం లేదు. కాని పిల్లలను తీసుకొనిపోయిన విద్యాలయానికి కూడా బాధ్యత ఉన్నదని న్యాయస్థానం భావించినది. బస్సు ఎక్కించుటతో గురువు బాధ్యత తీరదు. బస్సు ఎక్కకముందే అది మొదలవుతుంది.

ఇక ప్రశ్నలకు వత్తము. మొదటి ప్రశ్న: ఎప్పుడు?

మనం సాధారణంగా సెలవులను చూచి యాత్రను నిర్ణయిస్తాము. కొండను చూచి నిర్ణయించవలె. ఈ ఉద్యానవనంలో నడకకు అనుకూలమైన కాలం ఏప్రిల్ నుండి జూన్ వరకు ఒకటి, సెప్టెంబరు చివరినుండి నవంబరు మొదలువరకు ఒకటి. నడుమ వర్షాకాలం. 2023 జూలైలో కులూ ప్రాంతంలో కురిసిన కుంభవృష్టికి సైంజ్ నది పొంగి, ఒడ్డుననున్న సైంజ్ బజారులో ఇండ్లను, దుకాణాలను కొట్టుకొనిపోయినది. తరతరాలుగా అక్కడ కాపురమున్నవారికే నిలువనీడ లేకపోయినప్పుడు, సూట్‌కేసు పట్టుకొని వచ్చిన పరాయివాని మాట చెప్పనేల? చలికాలంలో పై దారులు మంచుతో మూసుకొంటాయి. అదృష్టవశాత్తు మన వేసవి సెలవులు, దసరా సెలవులు రెండును ఆ కొండలకు అనుకూలమైన కాలంలోనే పడుతున్నవి. అయినా వసంతంలో పై బయళ్లలో మంచు ఇంకా కరగి ఉండదు. పక్షులు గూళ్లు కట్టి గ్రుడ్లు పొదిగే వేళ అది. దసరానాటికి ఆకాశం తేటగా ఉంటుంది. రాత్రులు చలి హెచ్చుగా ఉంటుంది. ఏది చూడదలచితిమో, ఎంత ఎత్తునకు పోదలచితిమో దానినిబట్టి సెలవును ఎన్నుకొనవలె. రెండు సెలవులున్నవి గదా అని ఏది ముందు వస్తే దానిలో పోవుట ప్రణాళిక కాదు.

రెండవ ప్రశ్న: ఎంత ఎత్తు, ఎంత నడక?

ఈ ఉద్యానవనం లోపలికి మోటారు దారి లేదు. బంజార్ దాటి గుషైని అనే గ్రామంవరకు బండ్లు పోతాయి. అక్కడినుండి కాలినడక. అటవీశాఖవారి అనుమతి పత్రం లేనిదే లోనికి పోరాదు. తీర్థన్ ఒడ్డువెంట సుమారు పది కిలోమీటర్లు నడిస్తే రోల్లా అనే విడిది వస్తుంది. ఆపైన దారులు మరింత నిటారుగా పోతాయి. మైదానంలో పది కిలోమీటర్లకు మనం కట్టే లెక్క ఇక్కడ పనికిరాదు. నేస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు 1892లో ఒక సులభసూత్రం చెప్పినాడు. ప్రతి అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కవలసిన ప్రతి ఆరువందల మీటర్లకు మరొక గంట. ఇది అలవాటుపడిన నడకరి లెక్క. మూపున మూటతో, దారిపొడుగునా చెట్టును పిట్టను చూస్తూ పోయే బాలబాలికలకు దీనిని రెట్టింపు చేసుకొన్నా తప్పులేదు. ఈ గుణకారాన్ని ఎనిమిదవ తరగతి విద్యార్థి చేయలేడా?

ఎత్తుతోబాటు చలి హెచ్చుతుంది. ప్రతి వేయి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. పదిహేనువందల మీటర్ల ఎత్తున ఇరువదినాలుగు డిగ్రీలుంటే, మూడువేల అయిదువందల మీటర్ల ఎత్తున పదకొండు. రాత్రివేళ ఇంకను తక్కువ. ఈ లెక్క ఇంటివద్ద కట్టిన విద్యార్థి ఉన్నిదుస్తులు మరచిపోడు. గాలిలో ప్రాణవాయువు పలుచబడుట మరొకటి. మూడువేల మీటర్లు దాటిన తరువాత, నిన్న పడుకొన్న చోటికంటె నేడు పడుకొనే చోటు అయిదువందల మీటర్లకు మించి ఎత్తున ఉండరాదనీ, మూడు నాలుగు రోజులకొకసారి ఒకచోట ఆగి విశ్రమించవలెననీ వైద్యులు చెబుతున్నారు. తలనొప్పి, వాంతి, తూలుట కనిపిస్తే పైకి పోవుట మానవలె. తగ్గకపోతే క్రిందికి దిగవలె. "నావలన అందరికి ఆలస్యమవుతుందేమో" అన్న మొగమాటంతో బాధను దాచుకొనే పిల్లలుంటారు. ఆ మొగమాటం కొండమీద ప్రాణాంతకం. చెప్పినవానిని ఎవరూ ఎగతాళి చేయరాదని బయలుదేరుటకు ముందే తరగతిలో కట్టుబాటు చేసుకొనవలె.

మూడవ ప్రశ్న: నీరు ఎక్కడనుండి వస్తున్నది?

మన మైదానపు పిల్లలు వరద అంటే వానతో వచ్చేది అనుకొంటారు. హిమాలయపు నీటికి మూడు కారణాలున్నవి. మొదటిది ఎండ. పగలంతా ఎండకు కరగిన మంచు సాయంకాలానికి వాగులలోకి దిగుతుంది. అందుచేత దాటవలసిన వాగును తెల్లవారుజామున దాటవలె. రెండవది పైన ఎక్కడో కురిసిన వాన. మన నెత్తిన ఆకాశం నిర్మలంగా ఉన్నా, కనుచూపుకందని కనుమలో కురిసిన వాన మన కాళ్లకడకు వస్తుంది. మూడవది ఆనకట్ట. ఎగువన జలాశయం ఉన్న నది వేసవిలో సన్నగా పారుతున్నదంటే అది శాంతంగా ఉన్నదని అర్థం కాదు. నీటిని పైన ఆపి ఉంచినారని అర్థం. విద్యుత్తు అవసరాలనుబట్టి గేట్లు తెరుస్తారు, మూస్తారు. దానికి ఋతువు లేదు, మేఘం లేదు. కనుక జలాశయం దిగువన నదిగర్భంలోనికి, నీరెంత తక్కువగా కనిపించినా సరే, ఒక్క అడుగు వేయరాదు. సైరన్ మ్రోగితే ఏమి చేయవలెనో ముందే తెలిసి ఉండవలె. మ్రోగకపోయినా నది నమ్మదగినది కాదని అంతకంటె ముందే తెలిసి ఉండవలె. పటంమీద ఆనకట్టలను గుర్తించి, మన దారి ఎక్కడెక్కడ వాటి దిగువన పోతున్నదో ఎర్రసిరాతో గీయుట, ఈ ఒక్క పని ప్రతి యాత్రకు ముందు ప్రతి తరగతిలో జరిగి తీరవలె.

నాలుగవ ప్రశ్న: అక్కడ ఎవరున్నారు?

ఉద్యానవనమనగానే మనం చెట్లను, మృగాలను తలచుకొంటాము; మనుష్యులను తలచుకొనము. ఈ పర్వతాలు ఎన్నో గ్రామాల జీవనాధారం. వేసవిలో పై బయళ్లకు గొర్రెలను, మేకలను తోలుకొనిపోవుట, మూలికలు సేకరించుట, వసంతంలో గుచ్ఛి అనే పుట్టగొడుగులను ఏరి అమ్ముకొనుట వారి వృత్తి. తమ గ్రామదేవతలను పల్లకీలలో మోసుకొని కొండలలోని పుణ్యస్థలాలకు పోవుట వారి ఆచారం. 1999లో తుది ప్రకటనతో ఉద్యానవనంలో వారి మేపుహక్కులు, మూలికల హక్కులు ముగిసినవి. కొందరికి పరిహారం లభించినది. పోయిన హక్కుకు ఆ సొమ్ము సాటి కాదన్న బాధ చాలమందికి మిగిలినది. జుజురాణా బ్రదుకుటకు గొల్లవాడు దారి ఇచ్చినాడు. అది అతడు కోరి ఇచ్చినదా, ఇవ్వక తప్పనిదా అన్నది వేరు విషయం. ఇచ్చినది మాత్రం నిజం. మనం ఆనందించే నిశ్శబ్దానికి మూల్యం ఆ పల్లెవారు చెల్లించినారు.

అందుచేత యాత్రికుని సొమ్ము మొదట వారికి చేరుట న్యాయం. ఉద్యానవనపు పొలిమేర గ్రామాలలో దారిచూపేవారు, మూటలు మోసేవారు, వంటచేసేవారు, తమ ఇండ్లలో అతిథులకు గదులిచ్చేవారు ఉన్నారు. దూరపు నగరంలోని వ్యాపారి చేతిలో మొత్తం రుసుము పోసి, వారికి మిగిలినదేదో ముట్టనిచ్చుట కంటె, నేరుగా వారితో మాట్లాడి ఏర్పాటు చేసుకొనుట మేలు. ఇది ధర్మమే కాదు, క్షేమం కూడా. ఏ వాగు ఎప్పుడు పొంగుతుందో, ఏ చరియ ఎప్పుడు కదులుతుందో, ఎలుగుబంటి ఎక్కడ తిరుగుతున్నదో ముద్రిత పటం చెప్పదు. అక్కడ పుట్టిన మనిషి చెబుతాడు. అయితే ఆయనను కూలివానిగా చూచినవాడు ఆయన మాట వినడు. పిల్లలు ఆయనను గురువుగా సంబోధించుట నేర్చుకొనవలె. ఆయన "నేడు వద్దు" అంటే, ప్రిన్సిపాలుగారి కార్యక్రమం సైతం ఆగవలె.

దీనితో అయిదవ ప్రశ్నకు వచ్చినాము. అన్నింటికంటె ముఖ్యమైనది, అన్నింటికంటె తరచుగా అడగకపోయేది: ఆగవలసివస్తే ఏమి చేస్తాము?

మన యాత్రాపత్రాలలో ఖాళీ ఉండదు. తొమ్మిది రోజులకు పదకొండు స్థలాలు. ఒక రైలు ఆలస్యమైతే రాత్రి బస్సును తరుముతాము. ఒకచోట వాన పడితే మరొకచోట నిద్ర మానుకొంటాము. అలసిన డ్రైవరు, నిద్రలేని పిల్లలు, చీకటిపడుతున్న దారి, "ఇంకొక్కటి చూచి పోదాము" అన్న తొందర, ఇవన్నీ కూడిన చోటనే ప్రమాదం కాచుకొని ఉంటుంది. కనుక ప్రతి పర్వతయాత్రలో మూడు నాలుగు రోజులకొక దినాన్ని ఖాళీగా వదలవలె. వాన వస్తే అది రక్షణకు ఉపయోగిస్తుంది. రాకపోతే ఆ ఊరి బడిని చూచుటకు, నది ఒడ్డుకు దూరంగా కూర్చుండి దినచర్య వ్రాసుకొనుటకు ఉపయోగిస్తుంది. దానితోబాటు ప్రతిరోజు వెనుకకు మరలే వేళను ముందుగానే వ్రాసిపెట్టుకొనవలె. గమ్యం కనుచూపు మేరలో ఉన్నా సరే, ఆ వేళ కాగానే మరలవలె. ఆపే అధికారం ఎవరిదో కూడా వ్రాసి ఉండవలె.

ఖాళీదినానికి ఖర్చవుతుందని కొందరంటారు. నిజమే, అవుతుంది. అయితే స్థలాలు తగ్గించండి. ఒక్క లోయను నాలుగురోజులు చూచినవాడు పదకొండు స్థలాలను కిటికీలోనుండి చూచినవానికంటె ఎక్కువ నేర్చుకొంటాడు.

మరికొందరు ఇంకొక మాటంటారు. ఇన్ని అపాయాలున్నప్పుడు పిల్లలను కొండలకు తీసుకొనిపోవుట ఎందుకు? పుస్తకంలో బొమ్మ చూపితే చాలదా? 2014 తరువాత ఎందరో తల్లిదండ్రులకు ఈ ఆలోచన కలిగి ఉండుట సహజం. వారి భయాన్ని తేలిక చేయుట నా అభిమతం కాదు. కాని తలుపులు మూసినంతమాత్రాన పిల్లలు కొండలకు పోకుండరు. పెద్దవారై, స్నేహితులతో, ఏమీ తెలియకుండ పోతారు. నీటిని గూర్చి, ఎత్తును గూర్చి, ఋతువును గూర్చి ప్రశ్నించుట బాల్యంలోనే అలవడితే అది వారిని జీవితాంతం కాపాడుతుంది. నిషేధం కాపాడేది ఆ ఒక్క సెలవుననే.

ఇంకొక ఆక్షేపణ ఉన్నది. హిమాలయాలకు పోగల స్తోమత మన పల్లెటూరి పాఠశాలలకు ఎక్కడిదని? యుక్తమైన ప్రశ్న. అయితే ఈ ప్రశ్నల పట్టిక హిమాలయాలకు మాత్రమే చెందినది కాదు. మన గోదావరిని ఇరువైపుల ఒరసికొని ఉన్న పాపికొండలను 2008లో జాతీయోద్యానవనంగా ప్రకటించినారు. 2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరదమీద ఉన్న వేళ, పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు వద్ద మునిగి ఎందరో ప్రాణాలు కోల్పోయినారు. ఎప్పుడు, నీరు ఎక్కడనుండి వస్తున్నది, ఆగవలసివస్తే ఏమి చేస్తాము అన్న ప్రశ్నలు థలౌట్‌కు ఎంత అవసరమో కచ్చులూరుకును అంతే అవసరం. దూరపు కొండలు నునుపని మనవారన్నారు. దగ్గరి కొండలు సులభమని అనుకొనుట కూడా అటువంటి భ్రమయే.

స్తోమత లేని పాఠశాలకు సైతం ప్రణాళిక వేయుటకు ఖర్చు లేదు. ఒక పటం, ఒక కాగితం, నెలరోజుల వ్యవధి చాలు. భూగోళం చెప్పే మాస్టారు నదులను, ఆనకట్టలను గుర్తింపజేయవచ్చు. లెక్కల మాస్టారు నడకను, చలిని, ఖర్చును కట్టింపవచ్చు. ప్రకృతిశాస్త్రం చెప్పేవారు దేవదారు ఎక్కడ ముగిసి భూర్జం ఎక్కడ మొదలవుతుందో, ఎందుచేతనో చెప్పవచ్చు. హిందీ పండితులు అక్కడి గ్రామస్థునికి వ్రాయవలసిన ఉత్తరాన్ని పిల్లలచేత వ్రాయింపవచ్చు. మొదట దగ్గరి కొండకు ఒక్కరోజు పోయిరావచ్చు. చివరకు హిమాలయాలకు పోలేకపోయినా, ఒక పర్వతాన్ని గూర్చి నెలరోజులు ఆలోచించిన తరగతికి ఆ పర్వతం పరాయిది కాదు. ఏదో ఒకనాడు ఆ పిల్లలలో ఒకడు అక్కడికి పోతే, చూడవలసినది ఏమిటో, దూరంగా నిలువవలసినది ఎక్కడో ఎరిగి పోతాడు.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఇంతే. ఈసారి యాత్రాపత్రం మీ బల్లమీదికి వచ్చినప్పుడు, ఎన్ని స్థలాలున్నవని లెక్కింపకండి. దానిని విద్యార్థుల చేతికిచ్చి, ఈ అయిదు ప్రశ్నలకు ఇందులో సమాధానాలున్నవేమో వెదుకుమనండి. సమాధానం లేనిచోట సున్న చుట్టుమనండి. సున్నలన్నీ పూరింపబడేవరకు సంతకం చేయకండి. ఎవరైనా తొందరపెడితే, కొండ ఎక్కడికీ పోదని చెప్పండి. అది వేలయేండ్లుగా అక్కడనే ఉన్నది. వచ్చే సెలవుదాక ఉంటుంది. మనం చూచుకొనవలసినది, పోయిన పిల్లలందరు తిరిగివచ్చి తాము చూచినది మనకు చెప్పుట.